కార్బురేటర్ డ్యూయల్ స్పోర్ట్ బండి మైలేజీ పడిపోతే: విప్పే ముందు ఏం చూడాలి, విప్పాక ఏం చేయాలి

"అన్నా, బండి 40 ఇచ్చేది. ఇప్పుడు 30 కూడా రావట్లేదు. కార్బురేటర్ మార్చేయాలా?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంది. కార్బురేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం. అడిగేవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేవి మూడు డ్యూయల్ స్పోర్ట్ బళ్లు, అంటే రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిచేవి. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 2016లో వచ్చిన తొలి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019 హీరో ఎక్స్‌పల్స్ 200లో కార్బురేటర్ మోడల్. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక ఈ తరహా కొత్త బళ్లు ఇంజెక్షన్‌కు, అంటే కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతికి మారిపోయాయి. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న కార్బురేటర్ బళ్లన్నీ బాగా నలిగినవే. చాలావరకు చేతులు మారినవి, ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చి పెట్టినవి కూడా.

ఒక్క మాట ముందే చెబుతాను. మైలేజీ పోయిందని మెయిన్ జెట్ మీద చెయ్యి వేయకండి. జెట్ అంటే పెట్రోలు కొలతగా వెళ్లే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క. మనం రోజూ నడిపే నడకలో థ్రాటిల్ సగం కూడా తెరవం. ఆ పరిధిలో పెట్రోలు ఇచ్చేవి స్లో జెట్, నీడిల్ (జెట్‌లో పైకీ కిందికీ కదిలే సూది), నీడిల్ జెట్. మెయిన్ జెట్ ప్రభావం ప్రధానంగా కనిపించేది ముప్పావు థ్రాటిల్ దాటాకే. దాన్ని చిన్నది చేస్తే మైలేజీ పెరగదు, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ వేడెక్కుతుంది.

ఈ తప్పు నా బండికే జరిగింది. హ్యాండిల్ ఎత్తు పెంచడానికి రైజర్లు వేయించాక మైలేజీ 42 నుంచి 31కి పడింది. ఒక మెకానిక్ మెయిన్ జెట్ చిన్నది వేశాడు. రెండు నెలలు అలాగే తిరిగాను. ఇంజన్ వేడి తప్ప ఏమీ మారలేదు. చివరికి చూస్తే హ్యాండిల్ ఎత్తు పెరగడంతో చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి అదనంగా పెట్రోలు ఇచ్చే ఏర్పాటు) కేబుల్ బిగుసుకుపోయి, చోక్ ఎప్పుడూ కొద్దిగా తెరుచుకునే ఉంటోంది. కేబుల్ దారి మార్చాం. ఖర్చు ఏమీ కాలేదు.

అందుకే కింది వరుస తప్పకండి. ముందు కొలత, తర్వాత బయటి కారణాలు, ఆ తర్వాత విప్పకుండా చేసే పరీక్షలు, అన్నిటికన్నా చివర కార్బురేటర్.

1. అసలు మైలేజీ ఎంతో తేల్చండి

"500 కొట్టిస్తే రెండు రోజులే వచ్చింది" అనేది కొలత కాదు. రిజర్వ్ నుంచి రిజర్వ్‌కు చూసే లెక్క కూడా నమ్మదగింది కాదు, ఎందుకంటే వాలులో, గతుకుల్లో రిజర్వ్ ముందే పడుతుంది. ఫుల్ ట్యాంక్ పద్ధతి ఒక్కటే నికరం.

- బంక్‌లో చదునైన చోట బండిని నిటారుగా నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద కొట్టించకండి.
- ట్యాంకు లోపల ఒక గుర్తు ఎంచుకుని పెట్రోలు అక్కడిదాకా పోయించండి. మూత అంచు దాకా పోయించకండి.
- ట్రిప్ మీటర్ సున్నా చేయండి.
- కనీసం 200 కి.మీ. రోజూ నడిపే దారిలోనే, రోజూ నడిపినట్టే నడపండి.
- అదే బంక్, అదే పంపు, అదే గుర్తు దాకా మళ్లీ పోయించండి.
- తిరిగిన కి.మీ.ను పట్టిన లీటర్లతో భాగించండి. 248 కి.మీ.కు 6.2 లీటర్లు పడితే మైలేజీ 40.

ఇలా రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. పంపు మీద అనుమానముంటే 5 లీటర్ల కొలత పాత్రలో పోసి చూపించమని అడగండి. ఆ పాత్ర ప్రతి బంక్‌లోనూ ఉంటుంది, అడిగే హక్కు మనకుంది.

డ్యూయల్ స్పోర్ట్ బళ్లకు ఇంకో చిక్కుంది. కంపెనీ టైర్లు తీసేసి పెద్ద గుబ్బల టైర్లు వేస్తే చక్రం చుట్టుకొలత మారుతుంది. మీటరు రీడింగు ముందు చక్రం నుంచి తీసుకునే బండిలో, టైరు పెద్దదైతే మీటరు తక్కువ దూరం చూపిస్తుంది. ఫోన్ జీపీఎస్ పెట్టి 20 కి.మీ. నడిపి రెండూ పోల్చండి. జీపీఎస్‌లో 20.8 వచ్చి మీటరు 20 చూపిస్తే, మీ అసలు మైలేజీ మీరు అనుకుంటున్నదాని కంటే 4 శాతం ఎక్కువ.

2. పెట్రోలు మీద ఎంత నెట్టొచ్చు?

"ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే" అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, అది నిజమే. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 10 శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన పాత రకం టూ వీలర్లలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వాడితే మైలేజీ 3-4 శాతం తగ్గొచ్చు. అంటే 40 ఇచ్చే బండి 38.5 దాకా రావాలి. 30కి పడిందంటే తగ్గింది 25 శాతం. అంత తేడా పెట్రోలు వల్ల రాదు, కారణం బండిలోనే ఉంది.

అయితే ఇథనాల్ కార్బురేటర్‌కు వేరే రకంగా ఇబ్బంది పెడుతుంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు ఓ-రింగులను ఉబ్బేలా, గట్టిపడేలా చేస్తుంది. బండిని నెలల తరబడి కదపకుండా పెడితే, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో తెల్లటి పొర పేరుకుంటుంది. ఇంకో సంగతి, ఇంజెక్షన్ బండిలా కార్బురేటర్ తనను తాను సర్దుకోలేదు. ఇథనాల్ పెరిగితే మిశ్రమం కొద్దిగా లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తక్కువ గాలి ఎక్కువ అవుతుంది. కాబట్టి 20 శాతం ఇథనాల్ పెట్రోలు పోస్తున్నా బండి నల్ల పొగ వదులుతోందంటే లోపల ఎక్కడో స్పష్టమైన లోపం ఉన్నట్టే.

3. కార్బురేటర్‌తో సంబంధం లేని కారణాలు ముందు తీసేయండి

నా దగ్గరికి వచ్చిన బళ్లలో చాలావాటి జబ్బు ఈ విభాగంలోనే తేలిపోయింది. ఓపిగ్గా ఒక్కొక్కటే చూడండి.

టైర్లలో గాలి: మట్టిదారి కోసం తగ్గించి, మళ్లీ నింపడం మరిచిపోతాం. చల్లగా ఉన్నప్పుడు, చైన్ కవర్ మీదో మాన్యువల్‌లోనో ఉన్న అంకె ప్రకారం నింపండి.

బ్రేకులు: చక్రం గాల్లోకి లేపి చేత్తో తిప్పండి. ఒకటి రెండు చుట్లయినా తేలిగ్గా తిరగాలి. అరకు, లంబసింగి లాంటి చోట్ల బురదలో తిరిగొచ్చాక కాలిపర్ పిన్నుల్లో మట్టి చేరి ప్యాడ్ వెనక్కి రాదు. పది కి.మీ. బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆగాక డిస్కు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకండి. సెగ తగులుతుంటే బ్రేకు పట్టేస్తోంది.

చైన్: ఈ బళ్ల సస్పెన్షన్ చాలా దూరం కదులుతుంది, అందుకే చైన్‌కు మామూలు బండికన్నా ఎక్కువ వదులు కావాలి. మామూలు కమ్యూటర్ బండి లెక్కన బిగించేస్తే బేరింగుల మీద బరువు, మైలేజీకి గండి.

క్లచ్: టాప్ గేర్‌లో 40 కి.మీ. వేగం దగ్గర ఒక్కసారిగా రేజ్ చేయండి. ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. లివర్ దగ్గర కాస్తయినా ఆట ఉందో లేదో కూడా చూడండి.

ఎయిర్ ఫిల్టర్: మట్టిదారిలో ముందు వెళ్లే బండి దుమ్ము మొత్తం వెనక బండి ఫిల్టర్‌లోకే పోతుంది. ఒక్క రోజు మట్టి రైడ్‌తోనే ఫిల్టర్ మూసుకుపోవచ్చు. పేపర్ ఫిల్టర్ అయితే మార్చండి. ఫోమ్ అయితే కడిగి, బాగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించండి, ఎక్కువైతే పిండేయండి.

ట్యాపెట్లు: వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్నటి సందును చల్లటి ఇంజన్ మీద, మాన్యువల్ అంకెకు సరిచూడండి. బిగుసుకుపోయిన ట్యాపెట్ వల్ల వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. ఈ లోపాన్ని కార్బురేటర్ ట్యూనింగ్‌తో ఎవరూ సరిచేయలేరు.

వేగం, సామాను: గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే గాలి అడ్డు దాదాపు 78 శాతం పెరుగుతుంది. నిటారుగా కూర్చునే బండి, పక్కన రెండు పెట్టెలు, పైన పెద్ద విండ్‌షీల్డ్ అన్నీ కలిస్తే హైవేలో మైలేజీ పడిపోవడం సహజం. అది జబ్బు కాదు.

ఈ దశ దాటే ముందు:

- గాలి సరిచూశాను
- రెండు చక్రాలూ తేలిగ్గా తిరుగుతున్నాయి
- చైన్ వదులు సరిగా ఉంది
- క్లచ్ జారడం లేదు
- ఫిల్టర్ శుభ్రంగా ఉంది
- ట్యాపెట్లు సరిచేయించాను
- వీటి తర్వాత మళ్లీ ఒక ఫుల్ ట్యాంక్ కొలత తీసుకున్నాను

అన్నీ సరిగా ఉండి మైలేజీ ఇంకా తక్కువే ఉంటే అప్పుడు ముందుకు వెళ్లండి.

4. ఇబ్బంది ఏ థ్రాటిల్ దగ్గరో పట్టుకోండి

ఇందుకు కావలసింది పేపర్ టేప్ ముక్క, పెన్ను. థ్రాటిల్ గ్రిప్ మీద ఒక గీత, పక్కన కదలని భాగం మీద సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ గీతలు పెట్టండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద ఒక్కో గీత దగ్గర కాసేపు నిలకడగా నడపండి.

సున్నా నుంచి పావు దాకా ఇబ్బంది ఉంటే స్లో జెట్, మిక్చర్ స్క్రూ (ఐడిల్‌లో పెట్రోలు, గాలి పాళ్లు సర్దేది), చోక్, గాలి లీకులు చూడాలి. పావు నుంచి ముప్పావు దాకా అయితే నీడిల్, నీడిల్ జెట్, డయాఫ్రమ్ (స్లైడ్‌కు ఉండే పల్చటి రబ్బరు పొర). ఆపైన అయితే మెయిన్ జెట్, లేదా పెట్రోలు చాలినంత రాకపోవడం.

ఈ బళ్లలో ఉండే సీవీ రకం కార్బురేటర్‌లో సూదిని మోసే స్లైడ్‌ను లేపేది మన కేబుల్ కాదు, ఇంజన్ లాగే గాలి. కేబుల్ తిప్పేది ఇంజన్ వైపున్న రేకు తలుపును మాత్రమే. అందుకే ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, కొంచెం అటూ ఇటూ కలుస్తాయి.

రిచ్ అంటే పెట్రోలు ఎక్కువ. దాని గుర్తులు:

- పొద్దున్నే చల్లటి ఇంజన్ చోక్ లేకుండానే స్టార్ట్ అవడం
- వేడెక్కేకొద్దీ బండి బరువుగా, ముక్కుతూ నడవడం
- సైలెన్సర్ నల్ల పొగ, పెట్రోలు వాసన
- ఎండాకాలం మధ్యాహ్నం ఇంకా అధ్వానంగా నడవడం

లీన్ అంటే గాలి ఎక్కువ. దాని గుర్తులు:

- చాలాసేపు చోక్ తీయలేకపోవడం
- థ్రాటిల్ వదిలాక ఆర్‌పీఎం వెంటనే దిగకపోవడం
- వాలులో థ్రాటిల్ మూస్తే సైలెన్సర్‌లో పట్ పట్ మని పేలడం
- నిలకడగా 50లో వెళ్తుంటే బండి లాగుతూ వదులుతూ ఊగడం

లీన్ బండి మైలేజీ బాగా ఇస్తుందని అనుకోకండి. పికప్ లేక మనం థ్రాటిల్ ఎక్కువ తిప్పుతాం, కింది గేర్లో నడుపుతాం. చివరికి అది కూడా ఎక్కువే తాగుతుంది.

5. ప్లగ్ చూడడంలో మెళకువ

ఇంటికొచ్చి, గేటు దగ్గర రెండు నిమిషాలు ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ తిప్పకుండా ఆన్‌లో ఉంచి, తర్వాత ప్లగ్ విప్పితే ఏ బండి ప్లగ్గయినా నల్లగానే కనిపిస్తుంది. అది ఐడిల్ మిశ్రమం రంగు, మీరు నడిపిన మిశ్రమం రంగు కాదు.

కొత్త ప్లగ్ వేసి ఊరి బయట ఖాళీ రోడ్డులో 50-60 వేగంతో మూడు నాలుగు కి.మీ. నిలకడగా నడపండి. వెనక ఎవరూ లేరని చూసుకుని, క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కి, పక్కకు వచ్చి ఆగండి. ఇంజన్ కాస్త చల్లారాక ప్లగ్ విప్పండి.

లేత గోధుమ, బూడిద రంగు అయితే బాగుంది. పొడి మసి అంటితే రిచ్. సుద్దలా తెల్లగా ఉంటే లీన్. తడిగా, నూనె జిడ్డుతో నల్లగా ఉంటే అది ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తున్న గుర్తు. అప్పుడు కార్బురేటర్ వదిలేసి రింగులు, వాల్వ్ సీళ్ల సంగతి చూడాలి.

6. కార్బురేటర్ విప్పకుండా చేసే నాలుగు పరీక్షలు

చోక్: చోక్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు కేబుల్‌లో కాస్తయినా వదులు ఉండాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి, ఐడిల్ మారకూడదు. ఈ కార్బురేటర్లలో చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు, అదనంగా పెట్రోలు వదిలే చిన్న పిస్టన్. దాని కొసన ఉన్న రబ్బరు చెడినా, కేబుల్ బిగుసుకున్నా పెట్రోలు అలా కారుతూనే ఉంటుంది. నా బండి కథ ఇదే.

గాలి లీకు: కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు బూట్ ఏళ్లు గడిచేకొద్దీ పగులుతుంది. ఐడిల్‌లో ఉంచి దాని చుట్టూ స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా చల్లండి. ఐడిల్ మారితే అక్కడ పగులుంది. కార్బ్ క్లీనర్‌తో ఈ పరీక్ష చేసేవాళ్లున్నారు. వేడి ఇంజన్ మీద అది నిప్పుతో చెలగాటం, వద్దు.

పెట్రోలు ట్యాప్: మనదగ్గర ఎక్కువగా చేత్తో తిప్పే ట్యాపులే. రాత్రంతా ఆన్‌లో వదిలేసి పొద్దున ఓవర్‌ఫ్లో గొట్టం కింద తడి చూడండి. అమెరికాలో కవాసకి కేఎల్‌ఆర్650, సుజుకి డీఆర్650 నడిపే మనవాళ్ల బళ్లలో మాత్రం ఇంజన్ లాగుడుతో తెరుచుకునే ట్యాప్ ఉంటుంది, దాని నుంచి వచ్చే వాక్యూమ్ గొట్టం లాగి చూడాలి. అందులో పెట్రోలు తడి ఉంటే ట్యాప్ డయాఫ్రమ్ చిల్లుపడింది, ఆ పెట్రోలు నేరుగా ఇంజన్‌లోకి పోతోంది.

గిన్నెలో మట్టం: ఫ్లోట్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ మూతికి పారదర్శక గొట్టం తగిలించి, రెండో కొసను కార్బురేటర్ పక్కన పైకి పట్టుకోండి. బండి నిటారుగా ఉండాలి. డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే గొట్టంలో కనిపించే మట్టమే గిన్నెలో మట్టం. అది మాన్యువల్ చెప్పిన ఎత్తు దాటి ఉంటే ఫ్లోట్ (మట్టాన్ని కాపాడే, తేలే ముక్క) దగ్గర తప్పుంది. అన్ని జెట్ల లెక్కా ఈ మట్టం మీదే ఆధారపడుతుంది. ఇది రెండు మి.మీ. పెరిగినా మిగతా ట్యూనింగంతా వృథా.

ఇంకో జాగ్రత్త. ఆయిల్ మట్టం పెరిగి, ఆయిల్‌కు పెట్రోలు వాసన వస్తుంటే ఇంజన్ స్టార్ట్ చేయకండి. గిన్నె నిండాక పెట్రోలును ఆపాల్సిన ఫ్లోట్ పిన్ కారి పెట్రోలు ఇంజన్‌లోకి దిగింది. పిన్ మార్చి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

7. విప్పే ముందు ఏర్పాట్లు

ఆరుబయట, నీడలో, చల్లటి ఇంజన్ మీద పని పెట్టుకోండి. దగ్గర్లో పొయ్యి, సిగరెట్, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కళ్లజోడు పెట్టుకోండి, క్లీనర్ స్ప్రే ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి ముఖం మీదికి చిమ్ముతుంది.

- సరైన సైజు స్క్రూ డ్రైవర్లు. జపాన్ డిజైన్ కార్బురేటర్ స్క్రూలు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ప్లస్ డ్రైవర్ వాటి తలలు తినేస్తుంది
- 8, 10 మి.మీ. సాకెట్లు
- కార్బ్ క్లీనర్, మెత్తటి గుడ్డ, తెల్లటి ట్రే
- మీ మోడల్‌కు సరిపోయే గ్యాస్కెట్, ఓ-రింగుల కిట్
- సన్నటి నైలాన్ గాలపు దారం
- పేపర్, పెన్ను, ఫోన్ కెమెరా

ప్రతి గొట్టం, ప్రతి వైరు తీసే ముందు ఫోటో తీయండి. కార్బురేటర్ పక్కన థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ ఉంటే దాని కనెక్టర్ మాత్రమే తీయండి. సెన్సర్‌ను పట్టి ఉంచే స్క్రూలు కదిపితే స్పార్క్ టైమింగ్ లెక్క తప్పుతుంది.

8. విప్పడం, కడగడం

ముందు మిక్చర్ స్క్రూ. దాన్ని లోపలికి మెల్లగా తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోండి. గట్టిగా బిగిస్తే సూది మొన విరిగి లోపలే ఉండిపోతుంది. తర్వాత పూర్తిగా విప్పండి. స్ప్రింగ్, చిన్న వాషర్, ఓ-రింగు వరుసగా రావాలి. ఓ-రింగు చాలాసార్లు లోపలే అతుక్కుని ఉంటుంది, అది ఉందని తెలియక దాని మీద ఇంకోటి వేసేస్తారు.

పై మూత తీసి స్ప్రింగ్, డయాఫ్రమ్‌తో ఉన్న స్లైడ్ బయటికి తీయండి. రబ్బరుకు క్లీనర్ తగలకూడదు, తగిలితే ఉబ్బి పెద్దదై మళ్లీ తన గాడిలో కూర్చోదు. క్లీనర్ వాడే ముందే రబ్బరు భాగాలన్నీ వేరే డబ్బాలోకి తీయండి.

కింది గిన్నె తీసి ఫ్లోట్, ఫ్లోట్ పిన్, స్లో జెట్, మెయిన్ జెట్ వరుసగా ట్రేలో పెట్టండి. జెట్ మీద చెక్కిన అంకెలు రాసుకుని పార్ట్స్ కేటలాగ్‌తో పోల్చండి. సెకండ్‌హ్యాండ్ బండి అయితే ఈ పని అస్సలు వదలకండి. పాత ఓనర్ సైలెన్సర్ మార్చినప్పుడు పెద్ద జెట్లు వేసి, అమ్మేటప్పుడు సైలెన్సర్ మాత్రం పాతది తగిలించిన బళ్లు చూశాను.

జెట్లు వెలుతురుకు పట్టి చూడండి. స్లో జెట్ రంధ్రం దారపు పోగంత ఉంటుంది, గుండ్రంగా వెలుగు కనిపించాలి. క్లీనర్‌లో నానబెట్టి, నైలాన్ దారంతో తుడిచి, గాలి కొట్టండి. పిన్నీసు, స్టీలు తీగ వాడొద్దు. జెట్ మెత్తటి ఇత్తడి, రంధ్రం ఒక్క గీత పెద్దదైనా జీవితాంతం రిచ్‌గానే నడుస్తుంది. కార్బురేటర్ బాడీలోని ప్రతి దారిలోనూ క్లీనర్ కొట్టి, అది రెండో వైపు నుంచి వస్తోందో లేదో చూడండి.

9. అరిగిన భాగాలు వెతకండి

కడిగి బిగించేస్తే పనైపోయిందనుకోవడం వల్లే చాలా బళ్లు మళ్లీ షెడ్డుకు వస్తాయి. మైలేజీ దొంగ ఎక్కువగా ఈ దశలోనే దొరుకుతుంది.

నీడిల్, నీడిల్ జెట్: సూది ఏళ్ల తరబడి అదిరి జెట్ గోడను ఒకవైపు అరగదీస్తుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కంటికి సరిగా ఆనదు, భూతద్దం కావాలి. సూది మీద ఒకచోట మెరిసే పట్టీ కనిపిస్తే జెట్ కూడా అరిగినట్టే. రెండూ కలిపే మార్చండి. 40 వేల కి.మీ. దాటిన బండి సగం థ్రాటిల్‌లో రిచ్‌గా ఉండి, మిగతా అంతా సరిగ్గా ఉందంటే నేను ముందు అనుమానించేది దీన్నే.

సూది కింద వాషర్లు: పికప్ కోసం ఎవరైనా సన్నటి వాషర్ పెట్టి సూదిని పైకి లేపి ఉండొచ్చు. కంపెనీ బొమ్మలో లేని వాషర్ కనిపిస్తే తీసేయండి.

డయాఫ్రమ్: వెలుతురుకు పట్టి మెల్లగా సాగదీసి సూదిమొన చిల్లులు వెతకండి. చిల్లుంటే స్లైడ్ పూర్తిగా లేవదు, బండి 60 దగ్గర ఆగిపోతుంది. జిగురుతో అతికించిన డయాఫ్రమ్ నిలవదు.

ఫ్లోట్ పిన్: రబ్బరు మొన మీద గుండ్రటి గాడి పడితే మార్చాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోలు చప్పుడైతే అది మునిగిపోతోంది, మట్టం పెరిగిపోతోంది. ఫ్లోట్ ఎత్తును మాన్యువల్ అంకెకు కొలవండి. కొలిచేటప్పుడు పిన్ స్ప్రింగ్ నొక్కుకోకుండా కార్బురేటర్‌ను ఏటవాలుగా పట్టుకోవాలి.

చోక్ పిస్టన్: కొసన రబ్బరు చదునుగా, చీలిక లేకుండా ఉండాలి.

10. బిగించడం, ట్యూనింగ్

డయాఫ్రమ్ అంచు గాడిలో చుట్టూ కూర్చున్నాకే మూత పెట్టండి, లేకపోతే రబ్బరు నలిగి తెగుతుంది. స్లైడ్‌ను వేలితో లేపి వదిలితే నెమ్మదిగా, ఆగకుండా కిందికి రావాలి. జెట్లు చేతి బిగువు చాలు. బూట్ క్లిప్పులు రెండు వైపులా సరిగా కూర్చున్నాయా, గొట్టాలు మడత పడ్డాయా ఫోటోలతో సరిచూడండి.

మిక్చర్ స్క్రూ ముందు రాసుకున్న చుట్ల దగ్గరే పెట్టండి. బండి పది నిమిషాలు నడిపి వేడెక్కించాక:

- ఐడిల్ స్క్రూతో ఆర్‌పీఎం మాన్యువల్ అంకెకు తెండి
- మిక్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, పది సెకన్లు ఆగి వినండి
- ఆర్‌పీఎం అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపండి
- పెరిగిన ఐడిల్‌ను మళ్లీ తగ్గించి, ఇదంతా ఇంకోసారి చేయండి

స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఇది తారుమారు చేసుకుని రోజంతా కష్టపడేవాళ్లను చూశాను.

పెట్రోలు స్క్రూ ఒక చుట్టు కూడా తెరవకుండానే ఐడిల్ బాగుంటే పెట్రోలు ఇంకెక్కడినుంచో వస్తోంది. చోక్, ఫ్లోట్ మట్టం మళ్లీ చూడండి. మూడు చుట్లు దాటినా చాలకపోతే స్లో జెట్ ఇంకా మూసుకునే ఉంది, లేదా గాలి లీకుంది.

11. తరచూ జరిగే తప్పులు

ఒకేసారి ప్లగ్, జెట్, ఫిల్టర్ మూడూ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చండి, కొలవండి, రాసుకోండి, తర్వాత రెండోది.

ఎయిర్‌బాక్స్‌కు (ఫిల్టర్ ఉండే డబ్బాకు) రంధ్రాలు పొడిచి, స్నార్కెల్ (దానికి గాలి తెచ్చే గొట్టం) తీసేసి మైలేజీ గురించి బాధపడడం ఇంకో తప్పు. ముందు బండిని కంపెనీ స్థితికి తీసుకురండి, ట్యూనింగ్ తర్వాత.

చవక కార్బురేటర్ కొని తగిలించడం మూడోది. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటుంది. లోపలి జెట్లు, సూది వాలు మీ ఇంజన్‌కు కుదరవు. పాత బాడీ పగలకపోతే, థ్రాటిల్ ఇరుసు వదులు కాకపోతే దాన్నే బాగుచేసుకోవడం మేలు.

కొండ మీద ట్యూనింగ్ చేయడం నాలుగోది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు గాలి సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. లంబసింగిలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, బండి కాస్త రిచ్‌గా నడవడం మామూలే. అక్కడ సర్దిన స్క్రూ విశాఖ తీరానికి దిగాక లీన్ అవుతుంది. లేహ్‌లాగా 3,500 మీటర్ల మీద వారాలపాటు తిరిగేటప్పుడైతే సర్దుబాటు అవసరమే. దిగి వచ్చాక మళ్లీ పాత చుట్లకు తేవాలి, అందుకే ఆ అంకెను సీటు కింద చిన్న చీటీ మీద రాసి అతికించండి.

12. పని అయ్యాక

మొదటి 50 కి.మీ. తర్వాత బూట్ క్లిప్పులు, డ్రెయిన్ స్క్రూ, పెట్రోలు గొట్టాలు ఇంకోసారి చూడండి. తడి కనిపిస్తే అక్కడే ఆపండి.

తర్వాత మొదటి విభాగంలో చెప్పినట్టే, అదే బంక్‌లో, అదే గుర్తు దాకా రెండు ట్యాంకుల కొలత తీయండి. తారీఖు, కి.మీ., లీటర్లు, మిక్చర్ స్క్రూ చుట్లు ఒక పాత నోట్‌బుక్‌లో రాయండి. బండిని నెల కన్నా ఎక్కువ కాలం ఆపాల్సి వస్తే ట్యాప్ మూసి, గిన్నె డ్రెయిన్ చేసి పెట్టండి. వచ్చేసారి మైలేజీ పడినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిస్తే, ఏ నెలలో పడిందో, అంతకు ముందు వారం బండికి ఏం చేశారో కనిపిస్తుంది. అప్పుడు వెతకాల్సిన చోటు అదే.